గేర్‌బాక్స్ ఆయిల్‌లో అరుగుదల జాడలు

ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో అరుగుదల డ్రైవరుకు తెలిసేసరికి చాలావరకు నష్టం జరిగిపోయి ఉంటుంది. గేరు ఆలస్యంగా పడటం, మారేటప్పుడు బండి కుదపడం, ఇంజన్ రొద పెరిగినా వేగం పెరగకపోవడం అన్నీ లోపల ఏదో ఒక భాగం అరిగాక కనిపించే లక్షణాలే. విప్పి చూద్దామంటే గేర్‌బాక్స్‌ను బండి నుంచి దించాలి. ఖర్చు సంగతి అటుంచితే, బాగున్న గేర్‌బాక్స్‌ను విప్పడం వల్ల దుమ్ము చేరే ప్రమాదం కూడా ఉంది. అయితే లోపల అరిగే భాగాలన్నింటినీ తడుపుతూ తిరిగే ద్రవం ఒక్కటే. రాలిన లోహం, మాడిన రసాయనాలు, బయటినుంచి చొరబడిన నీరు, దుమ్ము అన్నీ చివరికి అందులోకే చేరతాయి. ఆ ద్రవాన్ని వంద మిల్లీలీటర్ల మేర తీసి పరీక్షించి, గేర్‌బాక్స్‌ను విప్పకుండానే లోపలి స్థితిని అంచనా వేయడమే ఆయిల్ విశ్లేషణ.

ఒకే ద్రవం, అయిదు పనులు

ఇంజన్ ఆయిల్ ప్రధానంగా కందెన. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో వాడే ఏటీఎఫ్ (ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్) పని అంతకంటే సంక్లిష్టం. టార్క్ కన్వర్టర్‌లో ఇంజన్ శక్తిని చక్రాల వైపు మోసుకెళ్లేది ఈ ద్రవమే. పంపు ఇచ్చే ఒత్తిడితో వాల్వులను కదిపి, క్లచ్‌లను బిగించి గేర్లు మార్చేదీ ఇదే. గేర్లకు, బేరింగులకు కందెనగా ఉంటుంది, లోపల పుట్టిన వేడిని కూలర్‌కు చేరవేస్తుంది. అయిదో పని అన్నింటికంటే సున్నితమైనది: క్లచ్ ప్లేట్ల మధ్య ఘర్షణ ఎంత ఉండాలో నిర్ణయించడం. ప్లేట్లు జారిపోకూడదు, అలాగని ఒక్కసారిగా పట్టేసి బండిని కుదపకూడదు.

అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థ హైడ్రామాటిక్ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ను 1939లో, 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్ల కోసం తెచ్చింది. దానికి తగిన ద్రవానికి 1949లో టైప్ ఏ అనే ప్రమాణాన్ని ప్రకటించింది. తర్వాత వచ్చిన డెక్స్‌రాన్ శ్రేణి ప్రమాణాలు ఆ వరుసలోవే. ఘర్షణను అదుపులో ఉంచడానికి తొలితరం ద్రవాల్లో స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. 1970ల మొదట్లో అమెరికా దాన్ని నిషేధించాక రసాయన శాస్త్రవేత్తలు కృత్రిమ ప్రత్యామ్నాయాలు తయారు చేయాల్సి వచ్చింది. ఈ పదార్థాల అణువులు ప్లేట్ల ఉపరితలాన్ని అంటిపెట్టుకుని పలుచని పొరగా ఏర్పడతాయి. కాలక్రమంలో వేడికి ఈ పొర ఇచ్చే పదార్థం తరిగిపోతుంది. అప్పుడు ప్లేట్లు పట్టీపట్టకుండా వణుకుతాయి. దానివల్ల వేడి పుడుతుంది, ఆ వేడికి ద్రవం ఇంకా త్వరగా పాడవుతుంది. అందుకే గేర్‌బాక్స్ విషయంలో లోహం అరగడమూ ద్రవం పాడవడమూ వేర్వేరు సమస్యలు కావు. చాలా సందర్భాల్లో మొదట పాడయ్యేది ద్రవమే.

ద్రవం ఎర్రగా ఉండటానికి కారణం అందులో కలిపిన రంగు. లీకైనప్పుడు ఇంజన్ ఆయిల్ కాదని గుర్తుపట్టడానికి తప్ప దానివల్ల వేరే ప్రయోజనం లేదు. కాబట్టి రంగు వెలిసిపోయినంత మాత్రాన ద్రవం పనికిరాకుండా పోయిందని అర్థం కాదు. మాడు వాసన మాత్రం పట్టించుకోవాల్సిన సూచనే, కానీ అది వచ్చేసరికి ఆలస్యమై ఉంటుంది.

ఏ లోహం ఎక్కడిది

ఆయిల్‌లో కనిపించే లోహం ఏ భాగం నుంచి వచ్చిందో తెలియాలంటే ఏ భాగాన్ని దేనితో చేశారో తెలియాలి. ఇనుము చాలా చోట్ల నుంచి వస్తుంది: గేర్లు, షాఫ్టులు, బేరింగులు, క్లచ్ డ్రమ్ములు, క్లచ్ దొంతరలో ఒకటి విడిచి ఒకటి ఉండే ఉక్కు ప్లేట్లు. అందువల్ల ఇనుము పెరిగితే ఏదో అరుగుతోందని తెలుస్తుంది కానీ ఏది అరుగుతోందో తెలియదు. అల్యూమినియం పంపు భాగాల నుంచి, క్లచ్ పిస్టన్ల నుంచి, వాల్వు బాడీ నుంచి, టార్క్ కన్వర్టర్‌లోని స్టేటర్ నుంచి రావచ్చు. రాగి, సీసం, తగరం కలిసి పెరిగితే షాఫ్టులను మోసే కంచు బుష్‌ల మీద అనుమానం వస్తుంది. రాగి ఒక్కటే పెరిగి సీసం, తగరం కదలకుండా ఉంటే కథ వేరు. కూలర్‌లోని రాగి లేదా ఇత్తడి ఆయిల్‌లోని రసాయనాలకు కొద్దికొద్దిగా కరిగినా అలాంటి అంకె వస్తుంది. అది అరుగుదల కాదు.

యంత్రం మారితే అదే లోహానికి అర్థం కూడా మారుతుంది. కార్లలో క్లచ్ ప్లేట్లకు అతికించే పూత కాగితం లాంటిది. సెల్యులోజ్, అరామిడ్ వంటి నారలను రెజిన్‌తో బిగించి చేస్తారు. బరువైన యంత్రాల్లోని కొన్ని పవర్‌షిఫ్ట్ గేర్‌బాక్సుల్లో మాత్రం కంచు పొడిని వేడిమితో గట్టిపరిచిన ప్లేట్లు ఉంటాయి. కారులో రాగి పెరిగితే బుష్‌ను అనుమానించాలి. అలాంటి డంపరులో పెరిగితే క్లచ్ ప్లేట్లనే ముందుగా అనుమానించాలి. సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల్లో తిరిగే తరహా భారీ యంత్రాల రిపోర్టును కారు రిపోర్టులా చదివితే తప్పు నిర్ణయానికి దారితీస్తుంది.

అరుగుదల లోహాలతోపాటు మరికొన్ని మూలకాలనూ చూస్తారు. సిలికాన్, అల్యూమినియం కలిసి పెరిగితే గాలి రంధ్రం గుండా మట్టి దుమ్ము చేరిందని అనుమానం. సిలికాన్ ఒక్కటే ఎక్కువగా ఉంటే కొత్తగా బిగించిన గేర్‌బాక్స్‌లోని సీలింగ్ పేస్టు కారణం కావచ్చు. నురుగు రాకుండా కలిపే రసాయనంలోనూ సిలికాన్ కొద్దిగా ఉంటుంది. సోడియం, పొటాషియం పెరిగితే రేడియేటర్ కూలెంట్ చొరబడిందేమో వెంటనే చూడాలి. ఫాస్ఫరస్, బోరాన్, కాల్షియం వంటివి తయారీదారు కలిపిన రసాయనాల్లోవి. కొత్త ద్రవంలో ఉండాల్సిన మోతాదుతో ఇవి సరిపోలకపోతే ఎవరో వేరే రకం ఆయిల్ పోశారని అర్థం.

నమూనా తీసే పద్ధతి

ప్రయోగశాల ఎంత గొప్పదైనా నమూనా సరిగా తీయకపోతే ఫలితం పనికిరాదు. బండి కొంతదూరం నడిచి ఆయిల్ వేడిగా ఉన్నప్పుడు, లోహపు రేణువులు అడుగున పేరుకోకముందే తీయాలి. డిప్‌స్టిక్ ఉన్న గేర్‌బాక్స్‌లో శుభ్రమైన ప్లాస్టిక్ గొట్టాన్ని దింపి చిన్న చేతిపంపుతో లాగుతారు. గొట్టం ఆయిల్ నిలిచే పాన్ అడుగును తాకకూడదు, అక్కడి మడ్డి వస్తే అంకెలు ఎక్కువ చూపిస్తాయి. డిప్‌స్టిక్ లేని బండ్లలో ఆయిల్ మార్చేటప్పుడు డ్రెయిన్ ప్లగ్ తీసి, మొదటి ధారను వదిలేసి మధ్యలో వచ్చేదాన్ని సీసాలో పడతారు. సీసా మీద బండి నడిచిన కిలోమీటర్లు, ఆయిల్ పోశాక నడిచిన కిలోమీటర్లు, ఆయిల్ పేరు, మధ్యలో పోసిన ఆయిల్ పరిమాణం రాయాలి. ఈ నాలుగు వివరాలు లేకపోతే రిపోర్టులోని అంకెలను దేనితోనూ పోల్చలేం.

మంటలో కనిపించే లోహాలు

మంట మీద చిటికెడు ఉప్పు చల్లితే పసుపుపచ్చని వెలుగు వస్తుంది. అది సోడియం వెలుగు. ప్రతి మూలకమూ బాగా వేడెక్కినప్పుడు తనకే ప్రత్యేకమైన తరంగదైర్ఘ్యాల్లో కాంతిని వెదజల్లుతుందని జర్మన్ శాస్త్రవేత్తలు బున్సెన్, కిర్కాఫ్ 1859-60 నాటికి నిరూపించారు. ఆయిల్ పరీక్షలో ఇప్పటికీ కీలకమైన యంత్రం ఈ సూత్రం మీదే పనిచేస్తుంది. నమూనాను కిరోసిన్ వంటి ద్రావణిలో పలుచన చేసి, తుంపరగా మార్చి, 6,000 నుంచి 10,000 డిగ్రీల వేడి ఉండే ఆర్గాన్ ప్లాస్మాలోకి పంపుతారు. ఇనుము 259.94 నానోమీటర్ల వద్ద, రాగి 324.75 నానోమీటర్ల వద్ద వెలుగుతాయి. ఆ వెలుగు తీవ్రతను కొలిచి లోహం మోతాదును పీపీఎంలో, అంటే పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలో చెబుతారు. ఒకే పరీక్షలో ఇరవైకి పైగా మూలకాల లెక్క వస్తుంది.

వాడిన ఆయిల్‌ను ఇలా పరీక్షించి యంత్రం స్థితి తెలుసుకునే పద్ధతి రైళ్లతో మొదలైంది. అమెరికాలోని డెన్వర్ అండ్ రియో గ్రాండే వెస్టర్న్ రైల్వే 1940ల్లో తన డీజిల్ ఇంజన్ల ఆయిల్‌కు ఈ పరీక్ష చేయించింది. 1950ల్లో అమెరికా నౌకాదళం విమాన ఇంజన్లకు అనుసరించింది. భారతీయ రైల్వేల డీజిల్ లోకో షెడ్లలోని ప్రయోగశాలలకూ ఇది పాత పరిచయమే. కార్ల గేర్‌బాక్సులకు వచ్చింది ఆ తర్వాతే.

ఈ యంత్రానికి ఒక పెద్ద పరిమితి ఉంది. సుమారు 5 మైక్రాన్ల కంటే పెద్ద రేణువులు ప్లాస్మాలో పూర్తిగా ఆవిరి కావు, కాబట్టి లెక్కలోకి రావు. మామూలు అరుగుదలలో రాలేవి ఎక్కువగా సన్నని రేణువులే కనుక అంతవరకు ఇబ్బంది లేదు. గేరు పంటి ఉపరితలం పెచ్చులూడుతున్నప్పుడు మాత్రం రేణువులు పదుల మైక్రాన్లు దాటతాయి. అప్పుడు రిపోర్టులో ఇనుము మామూలుగానే కనిపించవచ్చు. ఈ లోటును పూరించడానికి అయస్కాంత క్షేత్రంలో నమూనాను ఉంచి ఇనుప రేణువుల మొత్తాన్ని పరిమాణంతో నిమిత్తం లేకుండా కొలిచే పరీక్ష చేస్తారు. రెండు పరీక్షల మధ్య తేడా పెరిగిందంటే పెద్ద ముక్కలు రాలుతున్నాయని అర్థం.

ఆ ముక్కల ఆకారాన్ని కూడా చూడవచ్చు. 1970ల్లో వర్నన్ వెస్ట్‌కాట్ రూపొందించిన ఫెర్రోగ్రఫీ పద్ధతిలో ఆయిల్‌ను అయస్కాంతం మీద ఏటవాలుగా ఉంచిన గాజు పలక మీదుగా పారిస్తారు. రేణువులు పరిమాణం ప్రకారం వరుసకట్టి అంటుకుంటాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే చిన్న పలుచని పొరలు మామూలు రాపిడిని, మెలికలు తిరిగిన సన్నని పోగులు గట్టి రేణువుల కోతను, మందమైన పెచ్చులు లోహపు అలసటను సూచిస్తాయి. ఎంత అరిగిందో మొదటి పరీక్ష చెబితే ఎలా అరిగిందో ఇది చెబుతుంది.

ద్రవం ఆరోగ్యం

ద్రవం స్థితిని చెప్పే పరీక్షల్లో మొదటిది స్నిగ్ధత, అంటే చిక్కదనం. 40, 100 డిగ్రీల వద్ద సన్నని గాజు గొట్టంలో ద్రవం ఎంతసేపట్లో దిగుతుందో చూసి లెక్కిస్తారు. పాత డెక్స్‌రాన్-3 తరం ద్రవాలు 100 డిగ్రీల వద్ద సుమారు 7 సెంటీస్టోక్‌లు ఉంటే, డెక్స్‌రాన్-6 సుమారు 6 ఉంటుంది. అందుకే కొత్త ద్రవం అంకె తెలియకుండా వాడిన ద్రవం అంకెను చూసి తీర్పు చెప్పలేం.

స్నిగ్ధతను రెండు మార్పులు ఎదురెదురు దిక్కుల్లోకి లాగుతాయి. ద్రవంలో కలిపిన పొడవాటి పాలిమర్ గొలుసులు గేర్ల మధ్య నలిగి తెగితే అది పలచబడుతుంది. ఆక్సిజన్‌తో చర్య జరిగి జిగురు ఏర్పడితే చిక్కబడుతుంది. రెండూ ఒకేసారి జరిగితే ఒకదాన్ని ఒకటి కప్పిపుచ్చి, స్నిగ్ధత మారనట్టే కనిపిస్తుంది. అందువల్ల ఆక్సీకరణాన్ని విడిగా కొలవాలి. పరారుణ కాంతిని నమూనా గుండా పంపితే ఆక్సీకరణంలో ఏర్పడే కార్బొనైల్ సమూహాలు ఒక నిర్దిష్ట పట్టీలో ఆ కాంతిని పీల్చుకుంటాయి. మరో పరీక్షలో, గ్రాము ఆయిల్‌లోని ఆమ్లాన్ని తటస్థం చేయడానికి ఎన్ని మిల్లీగ్రాముల పొటాషియం హైడ్రాక్సైడ్ కావాలో చూసి ఆమ్ల సంఖ్యను కనుక్కుంటారు. స్థూలంగా చెప్పాలంటే ప్రతి 10 డిగ్రీల వేడికీ ఆక్సీకరణ వేగం రెట్టింపవుతుంది. బరువు లాగే బండి, ఘాట్ రోడ్డు, నగర ట్రాఫిక్‌లో ఆగుతూ సాగే ప్రయాణం ఆయిల్ ఆయుష్షును తగ్గించేది ఇందుకే.

నీటి అంశను కార్ల్ ఫిషర్ 1935లో ప్రకటించిన రసాయన పద్ధతితో కొలుస్తారు. చాలా కార్లలో గేర్‌బాక్స్ ఆయిల్ కూలర్ రేడియేటర్ లోపలే ఉంటుంది. ఆ కూలర్ గొట్టానికి పగులు వస్తే కూలెంట్ ఏటీఎఫ్‌లో కలిసి గులాబీ రంగు నురుగులా మారుతుంది. నీరు, గ్లైకాల్ క్లచ్ ప్లేట్ల కాగితపు పూతలోకి ఇంకి, దాన్ని ఉక్కుకు అతికించిన జిగురును వదులు చేస్తాయి. అలాంటి గేర్‌బాక్స్‌లో ఆయిల్ మార్చి ఊరుకుంటే సరిపోదు. కంటికి నురుగు కనిపించేలోపే సోడియం, పొటాషియం పెరుగుదల ఈ లీకును పట్టించగలదు.

అంకెలు చదవడం

ఇనుము 100 పీపీఎం అంటే ఎక్కువా, తక్కువా? పది లీటర్ల ఏటీఎఫ్ బరువు సుమారు ఎనిమిదిన్నర కిలోలు. అందులో 100 పీపీఎం అంటే ఒక గ్రాము కూడా కాదు, 0.85 గ్రాములు. పాన్ అడుగున ఉండే అయస్కాంతం, ఫిల్టరు పట్టుకున్నది దీనికి అదనం. ఈ అంకె మంచిదా కాదా అనేది ఎన్ని కిలోమీటర్లలో చేరిందన్నదాని మీద ఆధారపడుతుంది. పైగా కొత్త గేర్‌బాక్స్‌లో భాగాలు ఒకదానికొకటి సర్దుకునే తొలిదశలో ఇనుము, రాగి, సిలికాన్ ఎక్కువగానే వస్తాయి. మొదటి రిపోర్టు చూసి కంగారు పడనక్కరలేదు.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో మరో చిక్కుంది. డ్రెయిన్ ప్లగ్ తీస్తే పాన్‌లోని ఆయిలే వస్తుంది. టార్క్ కన్వర్టర్‌లో, గొట్టాల్లో ఉన్నది అలాగే మిగులుతుంది. దాని ప్రభావం తెలియడానికి ఒక ఊహాత్మక లెక్క చూడవచ్చు. గేర్‌బాక్స్‌లో మొత్తం ఆయిల్ 10 లీటర్లు, దించితే వచ్చేది 4 లీటర్లు అనుకుందాం. 40,000 కిలోమీటర్ల వద్ద ఇనుము 100 పీపీఎం. నాలుగు లీటర్లు మార్చాక అది సున్నాకు రాదు, 60 వద్ద ఉంటుంది. 60,000 కిలోమీటర్ల వద్ద రిపోర్టు 95 చూపింది. పైపైన చూస్తే అరుగుదల అయిదు తగ్గింది. నిజానికి 20,000 కిలోమీటర్లలో 35 పెరిగింది, అంటే పదివేల కిలోమీటర్లకు 17.5. తొలి 40,000 కిలోమీటర్లలో ఆ సగటు 25 కాబట్టి గేర్‌బాక్స్ కుదురుకుందన్నమాట. మళ్లీ నాలుగు లీటర్లు మారిస్తే 95 కాస్తా 57 అవుతుంది. 80,000 వద్ద 127 కనిపిస్తే పెరిగింది 70. పదివేలకు 35, అంటే అరుగుదల వేగం రెట్టింపయింది. 95, 127 అన్న అంకెలు ఈ సంగతి చెప్పవు, వాటి వెనక ఉన్న వేగమే చెబుతుంది. అదే సమయంలో సీసం, తగరం కూడా పెరిగితే బుష్‌లను, ఆమ్ల సంఖ్య పెరిగితే వేడిని, సిలికాన్ పెరిగితే దుమ్మును అనుమానించాలి.

ద్రవం విషయంలో కొందరు తయారీదారులు కచ్చితమైన హద్దులు ఇస్తారు. బస్సులు, లారీలకు ఆటోమేటిక్ గేర్‌బాక్సులు తయారు చేసే అలిసన్ సంస్థ లెక్క ప్రకారం స్నిగ్ధత కొత్త ద్రవం కంటే 25 శాతం పెరిగినా తగ్గినా, ఆమ్ల సంఖ్య 3 పెరిగినా, ఘనపదార్థాలు ఘనపరిమాణంలో 2 శాతం దాటినా ద్రవం మార్చాలి. పరీక్షలన్నీ ఒకే ప్రయోగశాలలో చేయించాలని కూడా ఆ సంస్థ చెబుతుంది. వేర్వేరు ప్రయోగశాలల యంత్రాలు, పద్ధతులు తేడాగా ఉంటాయి కాబట్టి ఒకచోటి అంకెను మరోచోటి అంకెతో కచ్చితంగా పోల్చలేం.

పరీక్షకు అందనివి

క్లచ్ ప్లేట్ల కాగితపు పూతలో లోహం ఉండదు. అది అరిగినా లోహాల పట్టికలో నేరుగా కనిపించదు. ఆయిల్‌లో కరగని పదార్థం పెరగడం, ఫిల్టర్ కాగితం మీద నల్లని నారలు కనిపించడం మాత్రమే దాని జాడలు. పూత పూర్తిగా పోయి ఉక్కు ఉక్కును రాసుకున్నప్పుడు ఇనుము ఒక్కసారిగా పెరుగుతుంది. అప్పటికి ఆ క్లచ్ పని అయిపోయినట్టే. సోలెనాయిడ్ కాలిపోవడం, సెన్సర్ చెడిపోవడం, వైరు తెగడం వంటివి ఆయిల్‌లో ఏ గుర్తూ వదలవు. షాఫ్టు హఠాత్తుగా విరిగితే ముందస్తు హెచ్చరిక ఉండకపోవచ్చు. రిపోర్టు మామూలుగా ఉందంటే నెమ్మదిగా సాగే అరుగుదల అదుపులో ఉందని మాత్రమే అర్థం. గేర్‌బాక్స్‌లో ఏ లోపమూ లేదని కాదు.

అన్ని ఆటోమేటిక్ బండ్లకూ ఒకే పరీక్ష వర్తించదు. మన దేశంలో 2014లో మారుతి సెలెరియోతో మొదలైన ఏఎంటీ (ఆటోమేటెడ్ మాన్యువల్ ట్రాన్స్‌మిషన్)లో ఉన్నది మామూలు గేర్‌బాక్సే. క్లచ్‌ను, గేర్లను యంత్రం కదుపుతుంది, లోపల ఉండేది మామూలు గేర్ ఆయిల్. సీవీటీ (కంటిన్యువస్లీ వేరియబుల్ ట్రాన్స్‌మిషన్)లో ఉక్కు బెల్టు పుల్లీల మధ్య ఒత్తిడితో నడుస్తుంది కనుక అక్కడ ఇనుము అంకెకు ప్రాముఖ్యం ఎక్కువ. ఏ బండి రిపోర్టునైనా అదే రకం గేర్‌బాక్స్ అంకెలతోనే పోల్చాలి.

చిన్న కారుకు తరచూ పరీక్ష చేయించడం కంటే సకాలంలో ఆయిల్ మార్చడమే చవక. ఆయిల్ ధర, గేర్‌బాక్స్ ధర, బండి ఆగితే వచ్చే నష్టం మూడూ ఎక్కువగా ఉండే బస్సులు, డంపర్లు, లారీల సముదాయాలకు పరీక్ష బాగా గిట్టుబాటవుతుంది. సొంత కారు విషయంలో ‘జీవితకాలం మార్చనక్కరలేదు’ అన్న ఆయిల్‌ను నమ్మవచ్చా అనే సందేహానికి ఇది సమాధానం ఇవ్వగలదు. జర్మన్ గేర్‌బాక్స్ తయారీ సంస్థ జెడ్‌ఎఫ్ స్వయంగా తన గేర్‌బాక్సుల్లో 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లకు, లేదా ఎనిమిదేళ్లకు ఆయిల్ మార్చమని సూచిస్తోంది. పరీక్ష చేయించదలచినవారు గేర్‌బాక్స్ బాగున్నప్పుడే మొదటి నమూనా తీయించాలి, దాంతోపాటు కొత్త ఆయిల్ నమూనాను కూడా పంపాలి. ఇబ్బంది మొదలయ్యాక తీసిన తొలి రిపోర్టును పోల్చి చూడటానికి ఏమీ ఉండదు.